ఎనిమిది స్టూళ్లు

పక్కింటి మోజెల్ ఈ మాట తన తల్లి చెప్పగా విన్నదట. ఆ తల్లి మాత్రం కళ్లారా చూసిందట. ఆ గొడవ రోజు కోరా అమ్మమ్మ వెర్నెల్ ఇంటికొచ్చేసరికి తెల్ల గౌను నిండా టమాటా సాసేనట!

"అంత జరిగినా ఏనాడూ బయటికి చెప్పుకోలేదు చూడు. మనిషంటే అట్లా ఉండాలి" అని మోజెల్ కంచె మీదుగా కోరా చెవిన వేసింది.

కోరాకు ప్రాణం లేచొచ్చింది. పదకొండేళ్ల ఆ పిల్ల వారం రోజులుగా అమ్మమ్మ వెనకే తిరుగుతోంది. అమ్మమ్మ నోరు విప్పితేనా!

అంతా ప్రూయిట్ టీచర్ ఇచ్చిన ఇంటిపని వల్ల వచ్చింది. యాభై ఏడేళ్ల కిందట, మిసిసిపీలోని ఈ రూబెన్స్‌విల్‌లోనే, తెల్లవాళ్లకు మాత్రమే తిండి పెట్టే కొట్టు ఒకటుండేది. నలుగురు నల్లపిల్లలు వెళ్లి అందులో కూర్చున్నారు. కాఫీ అడిగారు. కాఫీ రాలేదు, తన్నులొచ్చాయి. నెత్తిన సాసు పోశారు. అయినా వాళ్లు లేవలేదు.

"ఆ రోజు మీ ఇంటి పెద్దలు ఎక్కడున్నారో అడిగి రాసుకు రండి" అంది టీచర్.

తరగతిలో ఇరవై ఏడుగురు పిల్లలు, అందరూ తెల్లవాళ్లే. ఇరవై ఆరు కాగితాలు నిండి వచ్చాయి. అన్నిటిలోనూ ఒకటే మాట. మా తాత ఆ పిల్లల పక్కనే కూర్చున్నాడు. కాకపోతే, మా నాయనమ్మ కూర్చుంది.

ఆ కొట్లో ఉన్నవి ఎనిమిది స్టూళ్లు.

కోరా కాగితం ఒక్కటే ఖాళీ. "మీ అమ్మమ్మ ఆ పూట నిద్రపోయిందా ఏమే?" అని పిల్లలు దెప్పారు. కోరా ఇంటికొచ్చి ఏడ్చింది. వెర్నెల్ చిక్కుడుకాయలు ఒలుస్తూనే ఉంది.

శుక్రవారం టీచర్ పెద్దలందరినీ బడికి పిలిపించింది. ఎనిమిది స్టూళ్లు వరసగా వేయించింది.

"ఎవరి చోట్లో వాళ్లు కూర్చోండి. పిల్లలు చూస్తారు."

ఇక చూడాలి! చర్చి విందులో కోడివేపుడు దగ్గర కూడా అంత తోపులాట జరగదు.

"మూడోది నాది. లేవరా హోబర్ట్!"

"నీదెట్లా అయిందిరా డూలీ? అప్పటికి నువ్వు పుట్టనే లేదు!"

"మా అమ్మ కడుపులో ఉన్నా. ఆమె కూర్చుంటే నేను కూర్చున్నట్టు కాదా?"

ఇంకొకాయన ఆ రోజు తగిలిన దెబ్బ అంటూ చొక్కా ఎత్తి మచ్చ చూపించాడు. అది పోయినేడాది గుండె ఆపరేషన్ కుట్టు అని ఆయన భార్యే చెప్పింది. "ఆనాటి దెబ్బే లోపల్లోపల ముదిరింది" అన్నాడాయన, చొక్కా దించకుండానే.

చివరికి స్టూలుకు ముగ్గురేసి సర్దుకున్నారు.

టీచర్ నవ్వలేదు. "ఈ చివరి స్టూలు మీద కూర్చున్నది మా పెద్దత్త. ఆమె నెత్తిన సాసు పోసిందెవరు?"

గదిలో దగ్గులు మొదలయ్యాయి.

"మనూరోళ్లు కారమ్మా" అన్నాడు హోబర్ట్. "పరాయి ఊరోళ్లు. బస్సేసుకొచ్చి, పోసి, పోయారు."

"అవునవును. బస్సులోనే వచ్చారు" అన్నారందరూ. అంతమంది ఒక మాట మీద నిలబడటం ఆ ఊళ్లో అదే మొదలు.

గుమ్మం దగ్గర వెర్నెల్ నిలబడి ఉంది. మోజెల్ మాట అప్పటికే ఊరంతా పాకిందేమో, అందరి తలలూ అటు తిరిగాయి. హోబర్ట్ గబుక్కున లేచి స్టూలు తుడిచాడు. "రా వదినా, నీ చోటు నీదే."

వెర్నెల్ కూర్చోలేదు.

కోరా కాగితం మోకాలి మీద పరుచుకుంది. సంతోషంగా పెన్సిలు మొన నాలికతో తడుపుకుంది. "ఇప్పుడైనా చెప్పు అమ్మమ్మా! ఏం రాయను?"

వెర్నెల్ టీచర్ మొహంలోకి చూసింది.

"బస్సూ లేదు గిస్సూ లేదు, ఆ పిల్ల నెత్తిన సీసా బోర్లించింది మా అమ్మమ్మే అని రాయవే."