ఇశ్రాయేలు చివరి కౌబాయ్ నవల

పన్నెండేళ్లపాటు జగన్నాథం, ఇశ్రాయేలు ఒకే ప్రచురణకర్తకు నవలలు రాశారు. ఇశ్రాయేలు డిటెక్టివ్, కౌబాయ్ నవలలు అఫ్జల్‌గంజ్ బస్టాండులో సాయంత్రానికల్లా అమ్ముడుపోయేవి. జగన్నాథం పుస్తకాలు అట్టల రంగు వెలిసేదాకా అక్కడే వేలాడేవి.

1974 వానాకాలంలో ఇశ్రాయేలు గుండెపోటుతో పోయాడు. చివరి అధ్యాయం ముందు ఆగిన అతని కౌబాయ్ నవలను పూర్తి చేయమని ప్రచురణకర్త జగన్నాథాన్నే అడిగాడు. అట్ట మీద పేరు మాత్రం చనిపోయినవాడిదేనన్నాడు.

కడుపు మండినా జగన్నాథం ఒప్పుకున్నాడు. రాయడానికి కూర్చుంటే చివరి అధ్యాయం దానంతటదే వచ్చేసింది. అంత బాగా అతనెన్నడూ రాయలేదు. ఆ గొప్ప చూపించుకోవాలని, చీకటి పడ్డాక సైదాబాద్‌లో ఇశ్రాయేలు భార్య రాహేలు ఇంటికి కాగితాలు పట్టుకెళ్లాడు.

ఆమె కందిలి దగ్గరికి జరిగి చూసింది. "గిది ఆయన చేతిరాతే కదన్నా. నీకేడ దొరికింది?"

"నేనే రాసిన చెల్లె, నిన్న."

"ఆయన రాత నాకు తెల్వదా? ఏదీ, నా ముందట ఒక్క లైను రాయి."

జగన్నాథం ఉక్రోషంగా పెన్ను తీశాడు. కాగితం మీద పాళీ గీసుకుంటూ ఒక లైను రాసింది. రాహేలు వంగి చూసి వెనక్కి జరిగింది.

"గువ్వా అని నన్ను ఆయనొక్కడే పిలుస్తుండె. నీకెవరు చెప్పిన్రు?"

జగన్నాథం పెన్ను వదిలేయాలనుకున్నాడు. వేళ్లు విడలేదు. చెయ్యి రెండో వాక్యం రాసింది.

"వీన్ని ఇంట్లకెందుకు రానిచ్చినవ్?"