ప్రోగ్రాంలో పెద్దాయన

ఈ రాతలు రాసిందెవరు?

ఎనిమిదేళ్ళుగా ప్రోగ్రామరుని తొలిచేస్తున్న సందేహం ఇదొక్కటే. దేవుడి విషయంలో కూడా అతనికి ఇంత సందేహం లేదు. ఆయన ఉన్నాడనే నమ్ముతాడు.

అతను చూసుకునేది ఒక పెద్ద ఆసుపత్రి ప్రోగ్రాం. ల్యాబులో తేలిన రక్తపరీక్షల ఫలితాలను వార్డులకు చేర్చడం దాని పని. అతను ఉద్యోగంలో చేరేనాటికే అది పాతది. దాని లోపల, కోడ్ వరసల మధ్య, తర్వాత వచ్చేవాళ్ళ కోసం ఎవరో మామూలు మాటల్లో జాగ్రత్తలు రాసిపెట్టారు.

"దీన్ని కదపకు నాయనా. ఇద్దరు రోగులకు ఒకే పేరుంటే తేడా తెలిసేది ఇక్కడే."

"అక్షరాలు చిన్నవి చేయకు. రాత్రి డ్యూటీ నర్సు కళ్ళజోడు మరిచిపోతుంది."

కింద పేరు లేదు.

ఆ రాతలు ఎన్నిసార్లు అతని కొంప మునగకుండా కాపాడాయో లెక్కలేదు. రాసిన మనిషికి పెద్దాయన అని తనే పేరు పెట్టుకున్నాడు.

"ఎంత గొప్ప ప్రోగ్రామరో తెలుసా? కనిపిస్తే రెండు చేతులూ పట్టుకుని థాంక్స్ చెప్పాలి," అనేవాడు ఇంట్లో.

"ఆయన్ని మన పెళ్ళిలో చూసినట్టే చెబుతారు. ముందా కారే కుళాయి సంగతి చూడండి," అనేది భార్య.

ఇలా ఉండగా వాళ్ళ మేనేజరు కాలు విరిగి మంచమెక్కాడు. అతని బదులు మూడు నెలల కోసం ఒక పెద్దావిడ వచ్చింది.

"నాకు కోడ్ ఒక్క ముక్క రాదు," అని మొదటి రోజే చెప్పేసింది. ఇంతకుముందు ఎక్కడ చేసేవారని ఆవిడని ఎవరూ అడగలేదు. ఆవిడ మాత్రం అందర్నీ అన్నీ అడిగేది.

"ఎందుకు?"

మూడో రోజుకల్లా ఆవిడ పేరు ఎందుకమ్మ అయింది.

ఫలితాలు ఆలస్యమవుతున్నాయని ఆసుపత్రివాళ్ళు గోల పెడుతున్నారు. శుక్రవారం లోపు బాగుచేయకపోతే ఇంకో కంపెనీని చూసుకుంటామన్నారు. ప్రోగ్రామరు వెతగ్గా వెతగ్గా కారణం దొరికింది. ప్రతి ఫలితాన్నీ పంపేముందు ప్రోగ్రాం పది నిమిషాలు ఊరికే ఆగుతోంది. అక్కడ పెద్దాయన రాత కూడా లేదు.

"తీసిపారేస్తే సరి," అన్నాడు.

"ఎందుకు పెట్టారట?" అంది ఎందుకమ్మ.

"ఎవడో బద్ధకస్తుడు పెట్టుంటాడు మేడమ్."

"బద్ధకస్తుడు లేనిపని పెట్టుకోడు కదా."

"మీకు చెప్పినా అర్థం కాదు మేడమ్."

"కాకపోతే మళ్ళీ చెబుదురుగాని. నాకేం తొందర లేదు."

"నాకుంది. శుక్రవారం."

"ఇవాళ బుధవారమేగా. ల్యాబుకి వెళ్ళి అడిగొద్దాం, పదండి."

పక్కసీటువాళ్ళు ముసిముసిగా నవ్వారు. "వెళ్ళిరా బాబూ. పుణ్యం పురుషార్థం."

ల్యాబులో తల నెరిసిన టెక్నీషియన్ ఒకడున్నాడు. ఎందుకమ్మ సంగతి చెప్పగానే కంగారుపడ్డాడు.

"అది తీసేస్తే ఎలాగమ్మా? కొంతమందికి రెండు పరీక్షలు రాస్తారు. మొదటిది ముందే తేలిపోతుంది. రెండోదానికి ఇంకో పది నిమిషాలు. ఇదివరకు మొదటిది తేలగానే పోయేది. అది బాగుందని డాక్టరుగారు మనిషిని ఇంటికి పంపేసేవారు. రెండోదేమో చెడ్డ కబురు. అలా ఇద్దర్ని దారిలోంచి వెనక్కి పిలిపించాం."

"ఇవాళే తీసిపారేద్దామనుకున్నాను," అన్నాడు ప్రోగ్రామరు.

"మరి ఒకటే పరీక్ష ఉన్నవాళ్ళో?" అంది ఎందుకమ్మ.

"వాళ్ళనెందుకు ఆపడం? పదిలో తొమ్మిదిమంది వాళ్ళే."

ఆవిడ ప్రోగ్రామరు వైపు తిరిగింది. "రెండున్నవాళ్ళకే ఆగేట్టు రాయడం కష్టమా?"

"గంట పని మేడమ్." అతని మొహం వెలిగిపోయింది.

"మామూలు గంటా, ప్రోగ్రామర్ల గంటా?"

"ప్రోగ్రామర్ల గంటే. రేపు సాయంత్రానికి అవుతుంది."

ముగ్గురూ నవ్వారు. బస్సు వస్తోందేమో చూస్తానని ఆవిడ వరండాలోకి వెళ్ళింది.

"మా పెద్దాయన దీనికొక్కదానికి రాయడం మరిచిపోయారు. రాసుంటే ఈ తిప్పలుండేవి కావు," అన్నాడు ప్రోగ్రామరు.

"ఏ పెద్దాయన?"

ప్రోగ్రామరు రాతల సంగతంతా చెప్పాడు. కళ్ళజోడు దగ్గరికి వచ్చేసరికి టెక్నీషియన్ పగలబడి నవ్వాడు.

"ఆ నర్సు మా ఆవిడే. ఇప్పటికీ మరిచిపోతుంది."

"అయితే పెద్దాయన మీకు తెలుసా?"

"పెద్దాయనా లేడు, పాడూ లేదు బాబూ. అప్పట్లో మీ ప్రోగ్రామర్ల మాట మాకు తెలిసేది కాదు, మా మాట వాళ్ళకి తెలిసేది కాదు. నెలరోజులు ఇక్కడే స్టూలేసుకు కూర్చుని, మా ప్రాణాలు తోడి, అంతా కాగితం మీద రాసుకెళ్ళి, ఉన్నదున్నట్టు లోపల ఎక్కించండని వాళ్ళ వెంటపడ్డ మనిషి ఒక్కరే. ఈ పది నిమిషాలు పెట్టేనాటికి ఆ మనిషి వెళ్ళిపోయారు. అందుకే రాత లేదు."

"ఎవరండీ ఆయన?"

టెక్నీషియన్ వరండా వైపు గడ్డం ఎగరేశాడు.

అక్కడినుంచి ఎందుకమ్మ చెయ్యి ఊపుతోంది. "రండి బాబూ, బస్సొచ్చేసింది."

ప్రోగ్రామరు పరుగెత్తుకెళ్ళాడు.

"ఇది పోనివ్వండమ్మా, ఇంకోటొస్తుంది," అని, కోడ్ ఒక్క ముక్క రాని పెద్దాయన రెండు చేతులూ పట్టుకుని, ఎనిమిదేళ్ళ థాంక్స్ ఒక్కసారే చెప్పేశాడు.