పాయింట్లు ఎవరివి?

"ఆ నంబరు చెప్తావా, చెప్పవా?" నరసింహారావు ఫోనులో గట్టిగా అడిగాడు.

"చెప్పను," అంది అవతల నుంచి అతని భార్య నాగమల్లేశ్వరి. "ఎవరికీ చెప్పొద్దని బ్యాంకు వాళ్ళే మెసేజిలో రాసినారు."

మార్కాపురం బస్టాండు ఎదురుగా ఉన్న ట్రావెల్స్ ఆఫీసు అది. యజమాని జిలాని కంప్యూటరు ముందు చేతులు కట్టుకుని ఎదురుచూస్తున్నాడు. వెనక సోఫాలో నరసింహారావు స్నేహితులు, ఎరువుల కొట్టు లక్ష్మీనరసయ్య, బట్టల కొట్టు పుల్లారావు, పాస్‌పోర్టులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ముగ్గురూ బ్యాంకాక్ పోవాలి. అదీ బిజినెస్ క్లాసులో, నరసింహారావు కార్డు పాయింట్లతో.

ఆ కార్డు నిజానికి అతనిది కాదు. జూనియర్ కాలేజీలో లెక్చరరని బ్యాంకు వాళ్ళు నాగమల్లేశ్వరి పేరు మీద ఇచ్చారు. జేబులో పెట్టుకుని తిరిగేది మాత్రం అతను. దుకాణానికి ఇనుము వచ్చినా, సిమెంటు లోడు దిగినా ఆ కార్డే గీకేవాడు. లక్ష్మీనరసయ్య కూతురి పెళ్ళి నగలకు సైతం తనే గీకి, ఆయన దగ్గర నగదు తీసుకున్నాడు. అట్లా పోగుపడ్డ పాయింట్లను ఈరోజు విమాన కంపెనీకి మార్చుకుంటే సగానికి సగం అదనంగా వస్తాయి. మధ్యాహ్నంతో ఆ అవకాశం ముగుస్తుంది. అయితే పాయింట్లు కంటికి కనపడాలన్నా ఓటీపీ కావాలి. అది ఆమె ఫోనుకే పోతుంది. ఆమేమో నిన్న అతనితో పోట్లాడి గిద్దలూరులో పుట్టింటికి పోతున్నానని వెళ్ళిపోయింది.

"సిమెంటు కంపెనీ మీటింగు పనే మల్లేశ్వరీ. టైం లేదు," అన్నాడు కాస్త గొంతు తగ్గించి.

"మీటింగు బ్యాంకాక్‌లోనా? పార్వతి నాకు అంతా చెప్పింది."

పార్వతి పుల్లారావు భార్య. నరసింహారావు వెనక్కి తిరిగి చూసిన చూపుకి పుల్లారావు పాస్‌పోర్టు తెరిచి తన ఫోటో తనే చూసుకోసాగాడు.

ఇక దాచి లాభం లేదని నరసింహారావు తెగించాడు. "అవును, పోతన్నా. కార్డు నీ పేరున ఉంటే ఏంది? గీకింది నేను. పాయింట్లు నావి."

"ఏటేటా దాని ఫీజు కట్టేది నా జీతంలో నుంచి. పోయిన ఎండాకాలం అండమాన్ పోదామంటే ఏమన్నారు? ఇండియాలో తిరిగితే పాయింటుకు విలువ రాదన్నారు. ఇప్పుడు వీళ్ళను తిప్పితే వస్తాదా?"

"నీది విమానం ఎక్కే మొగమేనా?" అనేశాడు అతను.

అవతల ఫోను పెట్టేసిన చప్పుడు వినిపించింది.

జిలాని మెల్లగా, ఓటీపీ గడువు అయిపోయిందనీ, ఇంకోసారి పంపిస్తాననీ చెప్పాడు. నరసింహారావు మళ్ళీ ఫోను చేశాడు. ఆమె ఎత్తలేదు. లక్ష్మీనరసయ్య గోడ గడియారం వైపు చూసి, ఇంట్లో మాట చెల్లనివాడు ఊళ్ళో వాళ్ళకు మాటివ్వకూడదని పుల్లారావుతో అన్నాడు. పుల్లారావు నవ్వు ఆపుకున్నాడు. ఆ మాట నరసింహారావు చెవిన పడింది. చెవులు ఎర్రబడ్డాయి.

అప్పుడు అతనికి తల్లి గుర్తొచ్చింది. సౌభాగ్యమ్మకూ కోడలికీ చాలాకాలంగా మాటల్లేవు. ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు పెట్టుకున్నారు. భార్య నోరు మూయించాల్సి వచ్చినప్పుడల్లా అతను తల్లిని ముందుకు తోసేవాడు, ఆమె రెండు మాటలు ఎక్కువే అనేది. ఆమె మొన్నటి నుంచి కంభంలో కూతురింట్లో ఉంది. అక్కడి నుంచి గిద్దలూరు ఎంత దూరం? కారు మాట్లాడితే మధ్యాహ్నంలోపు పోవచ్చు.

రెండోసారి చేస్తే తల్లి ఫోను ఎత్తింది. నరసింహారావు భార్య మీద ఉన్న కోపమంతా వెళ్ళబోసుకున్నాడు. స్నేహితుల ముందు పరువు తీసిందన్నాడు. మొగుణ్ణి లెక్కచేయని ఆడదన్నాడు. వెంటనే గిద్దలూరు పోయి, నలుగురిలో నాలుగు దులిపి, ఆమె ఫోనులో వచ్చే ఆరంకెలూ తనకు చదివి చెప్పమన్నాడు. చివర్లో, "ఈసారి పాయింట్లు జమైతే నిన్ను విమానంలో కాశీకి తీసకపోతా," అన్నాడు.

"ఆ మాట నీ నోట ఎన్నేండ్ల నుంచో వింటన్నా నాయనా," అంది సౌభాగ్యమ్మ.

"ఈసారి ఖాయం. ముందు నువ్వు గిద్దలూరు బయల్దేరు."

"గిద్దలూరు పోయే పని లేదు. మల్లేశ్వరి నా పక్కనే ఉంది."

నరసింహారావు ప్రాణం లేచొచ్చింది. ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి, మా అమ్మ పట్టుకుందని స్నేహితులకు చెప్పాడు. లక్ష్మీనరసయ్య సోఫాలో సర్దుకుని కూర్చున్నాడు. జిలాని మరో ఓటీపీ పంపించి, వేళ్ళు కీబోర్డు మీద ఆనించాడు.

"దాన్ని వదలొద్దు అమ్మా," అన్నాడు నరసింహారావు. "ఆ ఫోను లాక్కోని అంకెలు చదువు."

"అది ఫోను ఆపేసింది నాయనా, నన్ను గూడా ఆపమంటన్నారు," అంది సౌభాగ్యమ్మ. "మీ పాయింట్లతో కొన్న సీటు మంచం మాదిరుంది, విమానం లేస్తంది, ఉంటా."