ముందు గది తాళంచెవి

"ముందు గదిలో రిపేరు షాపా? అదీ కోడలి చేతా? ఇంటికొచ్చినవాళ్లకి గుమ్మంలోనే తుప్పు పట్టిన మోటార్లు కనబడాలా?" మామగారి అక్క సోఫాలోంచే తీర్పు చెప్పేసింది.

అక్క మాటంటే మామగారికి వేదవాక్కు. కోడలికి ఇద్దామని జేబులోంచి తీసిన తాళంచెవిని మళ్లీ జేబులోనే వేసుకున్నాడు. కోడలి ప్రాణం ఉసూరుమంది. పనిబల్ల ఏ కిటికీ కింద వెయ్యాలో, పనిముట్లు ఏ గోడకి తగిలించాలో కూడా అనుకుని పెట్టుకుంది మరి.

సరిగ్గా అప్పుడే వంటింట్లోంచి అత్తగారి కేక వినబడింది. "అయ్యయ్యో, మిషన్ ఆగిపోయిందే!"

అది గిన్నెలు కడిగే పాత డిష్‌వాషర్. కోడలి మొగుడు పుట్టకముందు కొన్నది. దానికి వెలిగే అంకెలూ అవీ ఏమీ ఉండవు. గుండ్రటి నాబ్ తిప్పితే చాలు, నీళ్లు పట్టడం, కడగడం, తోడెయ్యడం అన్నీ లోపలి టైమరే టిక్కు టిక్కుమంటూ చూసుకుంటుంది. ఇప్పుడా టిక్కు టిక్కు లేదు. గిన్నెలు సబ్బు నురగలో అలాగే ఉండిపోయాయి.

"పాత సామాన్లవాడికి ఇచ్చెయ్యండి, పీడా పోతుంది" అంది పెద్దావిడ, వంటింటి గుమ్మంలోకి వచ్చి.

"అంతేనంటావా వదినా?" అత్తగారు జారిపోతున్న ముడిని ఒక చేత్తో పట్టుకుని దిగాలుగా అడిగింది. "మా కోడలు ఒకసారి చూస్తే..."

"చూస్తే బాగుపడుతుందా? దీనికి కొత్త టైమర్ ఎక్కడా దొరకదు. మా ఇంట్లోదీ ఇలాగే పోతే పెద్ద పెద్ద మెకానిక్కులే చేతులెత్తేశారు."

"అయితే పందెం!" అంది అత్తగారు. "మా కోడలు బాగుచేస్తే ముందు గది దానిది. చెయ్యలేకపోతే నీ ఇష్టప్రకారమే షాపు మానేసి అక్కడ సోఫాలు వేసుకుంటాం."

కోడలికి ఒళ్లు మండింది. లోపల ఏం పోయిందో చూడనైనా చూడకుండా ఎవరైనా పందెం కడతారా? మామగారు ఎవరికి తలూపాలో తెలియక ఇద్దరికీ ఊపాడు. పెద్దావిడ కుర్చీ లాక్కుని, తమాషా చూడ్డానికి తీరిగ్గా కూర్చుంది.

కోడలు ప్లగ్గు పీకింది. నాబ్ లాగేసి, తలుపు రేకు మరలు విప్పి, ఏ వైరు ఎక్కడిదో ఫోనులో ఫొటో తీసుకుంది. టైమర్ని ఊడదీసి బల్ల మీద తెల్లగుడ్డ పరిచి పెట్టింది.

"ఇన్ని వైర్లు మళ్లీ పెట్టగలవా?" పెద్దావిడ మెడ చాచి అడిగింది.

"పెడతానండీ. మీరు కాస్త వెలుతురుకి అడ్డం లేవండి."

పెద్దావిడ మూతి ముడుచుకుంది. అత్తగారికి ఎందుకో ఉన్నట్టుండి దగ్గొచ్చి, గోడవైపు తిరిగింది.

టైమర్ మూత తీస్తే పళ్ల చక్రాల మధ్య ఏదో నల్లగా ఇరుక్కుని కనబడింది. సన్నటి పట్టకారుతో లాగింది. తలపిన్ను! పెద్దావిడది కత్తిరించుకున్న జుట్టు. తనది రబ్బరు బ్యాండు. ఈ ఇంట్లో పిన్నులు పెట్టుకునేది అత్తగారొక్కతే. మిషన్ తుడుస్తూ నాబ్ పక్క సందులో జారవిడిచి ఉంటుంది, మతిమరుపు మనిషి! ఈ సంగతి పెద్దావిడ చెవిన పడితే బతికినన్నాళ్లూ దెప్పుతుంది. కోడలు పిన్నుని గుప్పిట్లో దాచి జేబులో వేసేసుకుంది.

పని అంతటితో అయిపోలేదు. పిన్ను అడ్డం పడ్డా మోటారు తిరగబోవడంతో ఒక చక్రం ఇరుసు మీంచి పక్కకి జారింది. దాని కింది స్ప్రింగు, వెంట్రుకంత సన్నటిది, ఊడి వేలాడుతోంది. అది తెగితే ఇంకోటి దొరకదు. కోడలు ఊపిరి బిగబట్టి స్ప్రింగుని కొక్కేనికి తగిలించబోయింది. జారిపోయింది. మళ్లీ ప్రయత్నించింది. మళ్లీ జారింది.

"నే చెప్పలా!" అంది పెద్దావిడ.

కోడలు చేతి చెమట తుడుచుకుంది. ఈసారి స్ప్రింగుని ముందే చక్రానికి తగిలించి, రెండిటినీ కలిపి ఇరుసు మీదికి దించింది. చక్రం టక్కున కూర్చుంది. నల్లబడ్డ కాంటాక్టులు కూడా గీకి శుభ్రం చేసి, ఫొటో చూసుకుంటూ వైర్లన్నీ పెట్టి, రేకు బిగించింది. ప్లగ్గు పెట్టి నాబ్ తిప్పింది.

టిక్కు. టిక్కు. టిక్కు. లోపల నీళ్లు ఉరికాయి.

"చేశాను!" కోడలు గట్టిగానే అరిచింది. ఆ గర్వం దాచుకోవాలని కూడా అనిపించలేదు.

"చూశావా అక్కా? మా కోడలు!" అన్నాడు మామగారు, మిషన్ తనే బాగుచేసినంత ధీమాగా. జేబులోంచి తాళంచెవి తీసి కోడలి చేతిలో పెట్టాడు.

పెద్దావిడ మిషన్‌కి చెవి ఆనించి కాసేపు విన్నది. "మా ఇంట్లోది ఇంకా షెడ్డులోనే ఉంది. నీ షాపు ఎప్పుడు తెరుస్తున్నావమ్మా?" అంది, గొంతు బాగా తగ్గించి.

ఆవిడ వెళ్లాక కోడలు జేబులోంచి పిన్ను తీసింది. "అత్తయ్యా, ఇది టైమర్లో దొరికింది. ఎవరికీ చెప్పలేదులెండి. ఇకమీద కాస్త చూసుకోండి."

అత్తగారు సిగ్గుపడలేదు సరికదా, పిన్ను అందుకుని దాని వంకర సరిచేస్తూ ముసిముసిగా నవ్వింది.

"చూసుకునే వేశానే! అది సరేగానీ, ఆదివారం మా చెల్లెలు వస్తోంది. తన కోడలు డాక్టరని తెగ గొప్పలు పోతుంది. ఈసారి దీన్ని ఏ మిషన్లో వెయ్యమంటావు?"