గుంజ చుట్టూ ఇద్దరు

కళ్లంలో గుంజకు కట్టిన రెండు ఎడ్లు గుండ్రంగా తిరుగుతూ వరి పనలు తొక్కుతున్నాయి. లోపలి పక్క మైలోడు కూనిరాగం తీస్తున్నాడు. బయటి పక్క పుల్లోడు రొప్పుతున్నాడు.

"నువ్వు అడుగేస్తే నేను ఆమడ పరిగెత్తాలి. ఇదేం న్యాయం బావా?"

"ఇక్కడి బాధ ఇక్కడికొస్తే తెలుస్తుందిలే!"

మధ్యాహ్నం మేతయ్యాక పక్కలు మారి నిలబడ్డారు. ఎనిమిది చుట్లు తిరిగేసరికి పుల్లోడికి గుంజలు రెండయ్యాయి, వెనక తోలే ఇద్దరు రైతులు నలుగురయ్యారు.

"బావోయ్, ఎవరో కళ్లాన్నే గిరగిరా తిప్పేస్తున్నారు!" అంటూ గడ్డిలో దబ్బున కూలాడు. బయటి పక్క పరిగెత్తలేక మైలోడూ నాలుక వేలాడేసుకుని వాడి మీదే పడ్డాడు. ఇద్దరూ పొట్టలు ఎగిరేలా నవ్వారు.

"ఇకనుంచి పూటకోసారి పక్కలు మారదాం!"

అప్పుడు గుంజ నోరు విప్పింది. "బాగుంది. మరి నాతో ఎవరు మారతారు?"

ఇద్దరూ గబుక్కున లేచి నడక మొదలెట్టారు.