తెర మీంచి జడ

సైకిలుకి ఎదురుగా వెదురు బొంగు అడ్డం పడింది.

ముసలాయన బ్రేకు నొక్కి ఒక కాలు నేలకి ఆనించాడు.

బొంగు ఒక కొస సోములమ్మ చేతిలో ఉంది. రెండో కొస ఆమె కోడలు నిర్మల పట్టుకుంది. వెనకాల ఊళ్ళో ఆడవాళ్ళందరూ.

ఇటుకల పండగ. మగాళ్ళు వేటకని కొండెక్కారు. వాళ్ళు దిగొచ్చేదాకా అరకు దారి మీద రాజ్యం ఆడవాళ్ళది. కారైనా లారీ అయినా ఏదో ఒకటి ముట్టజెప్పందే బొంగు లేవదు.

"ఏటి తాతా, ఈ ఎండలో ఘాటీ ఎక్కినావు? బస్సోడు ఎక్కించుకోలేదేటి?" అంది నిర్మల.

"బస్సెక్కితే మిమ్మల్ని కిటికీలోంచి చూసి పోయేవాణ్ణండి. సైకిలు గనక ఆగాను."

"ఆగలేదు. మేం ఆపినాం," అంది సోములమ్మ. "ఏ ఊరు?"

"రాజమండ్రి అండి."

"గోదారి నీళ్ళు తాగినోడివా! అదే అనుకున్నాను, అండి లేకుండా మాట దిగడం లేదు."

ముసలాయనా నవ్వాడు. "ఏం చేస్తామండి. సాయంత్రమైతే గట్టు మీద కూర్చుని గోదారిని చూడ్డమే మా పని. తొందరుండదు. మాట సాగుతుంది."

"మా గెడ్డని సూడు. ఒక్క సోట కూకోదు. రాళ్ళని తన్నుకుంటా పోతాది. మేమూ అంతే."

"తెలుస్తూనే ఉందండి. ఆ బొంగు నా మీద పడకపోతే చాలు."

"మరి ఏటిస్తావు? ఇయ్యకపోతే ఆడాల."

ముసలాయన సైకిలు దిగి, వాళ్ళ చేతులు పట్టుకుని ధింసా ఆటలో ఒక చుట్టు తిరిగాడు. మోకాళ్ళు మాట వినలేదు. ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు.

"కూకో, కూకో. నడుం ఇరిగితే మా మీదికొస్తాది," అని సోములమ్మ అడ్డాకు దొప్పలో చోడి అంబలి పోసిచ్చింది.

అందుకున్నాడు. కుడిచేతి బొటనవేలి, చూపుడువేలి కొసల్లో నున్నగా కాలిన మచ్చలు. వంటలోడేమో అనుకుంది సోములమ్మ.

"ఆ ఎనకాల మూటేటి?"

"మా ఇంటావిడ కంటే నాతో ఎక్కువ ఊళ్ళు తిరిగిందండి అది."

మళ్ళీ నవ్వులు.

ముసలాయన రోడ్డు పక్క మైదానం వైపు చూశాడు. దాని అంచున కొత్త రిసార్టు గుడారాలు తెల్లగా మెరుస్తున్నాయి.

"ఇక్కడ నాటకం ఇంకా ఆడుతున్నారాండి? మా ఊళ్ళో ఆరుబయట నాటకమంటే దోమలంటున్నారు."

సోములమ్మ నవ్వు ఆగింది.

"ఆ గుడారాలోడు వొద్దన్నాడు. తుడుం మోగితే ఆడి సుట్టాలకి నిద్ర పట్టదంట. ఆడితే లైట్లు తీయించేత్తాడంట. వేసాలు కట్టే మా మగోళ్ళంతా ఆడి కాడే పని సేత్తన్నారు. నోరు మూసీసినారు."

"అయితే ఆగిపోయిందా?"

"ఎందుకాగుద్ది? ఈ యేడు ఆడోళ్ళం కడతన్నాం. రాణి వేసం నాది. ఇప్పుడు తగ్గితే వొచ్చే యేడుకి ఆ మైదానంలో కార్లు నిలబడతాయి."

"భయం లేదాండి?"

"మీ గోదారామే నాకు బయం తీసేసింది. నా సిన్నతనంలో ఇదే మైదానంలో మీవైపోళ్ళు ఆడినారు. రాణి తెర ఎనకాలుంది. తాగొచ్చిన కాంట్రాక్టరొకడు 'ఆపండ్రా' అని పెట్రోమాక్సు తన్నీసినాడు. సీకటి. ఆ యమ్మ ఏటి సేసిందనుకున్నావు? తెర మీంచి జడ బయటికి ఇసిరింది! నన్ను గెలిసేవోడుంటే రండి అని. మావోళ్ళు కాగడాలు ఎలిగించినారు. రవ్వ పడి జడ కొస అంటుకుంటే రెండు వేళ్ళతో నలిపీసింది గాని పాట ఆపలేదు."

ముసలాయన దొప్ప కింద పెట్టాడు.

"మా మగోళ్ళు సీర కడితే జనం నవ్వుతారు. ఆ యమ్మని సూసి కాంట్రాక్టరే ఎనక్కి నడిసినాడు. ఆ తెగువ మగోడికి రమ్మంటే వొత్తాదా?"

"రాదండి," అని ఆయన అందరికంటే గట్టిగా నవ్వాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

"ఆ యమ్మని ఎరుగుదువా?"

"ఎరుగుదునండి. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులు."

"బతికే ఉందా! అయితే సోములమ్మ ఆడతందని సెప్పు."

"చెబుతాను." లేచి మూట తడుముతూ అన్నాడు. "పొద్దుగూకేదాకా ఉండి, వేషం కట్టడంలో నేనూ ఓ చెయ్యి వేయనా?"

"బాగుంది సంబడం! ఆడోళ్ళు సీర కట్టుకునే కాడ మగోడివి నీకేటి పని? సీకటి పడకముందే బేగి ఘాటీ దిగు."

బొంగు లేచింది.

ముసలాయన మూట ఊడదీసి బొంగుకి తగిలించాడు. "ఇది మీకివ్వాల్సింది. వేషం కట్టేటప్పుడు విప్పండి."

సైకిలు మలుపు తిరిగిపోయింది.

మాపటికి మైదానం నిండింది. రిసార్టువాడు అన్నంత పనీ చేశాడు, కరెంటు పోయింది. వేటనుంచి దిగిన మగాళ్ళు తలలు వంచుకుని నిలబడ్డారు. వాళ్ళలోంచి రిసార్టు తోటమాలి భీముడు ముందుకొచ్చి కాగడా వెలిగించాడు. దాన్నుంచి ఇంకొకడు ముట్టించుకున్నాడు.

తెరగా దుప్పటి పట్టారు. దాని వెనక సోములమ్మ మూట విప్పింది.

జడ. కుప్పెలతో సహా. కొస కాలి ఉంది.

"ఆ యమ్మదే!" నిర్మల నోరు నొక్కుకుంది. "ఆ తాత ఆమె పెనిమిటి కాబోలు అత్తా!"

"ఆపండి! ఎవరు ఆడమన్నారు?" అవతల రిసార్టువాడి కేక.

సోములమ్మ జడ కట్టుకుంది. కాలిన కొసని రెండు వేళ్ళతో పట్టి తెర మీంచి విసిరింది.

మైదానం హోరెత్తింది.

విసిరిన వేళ్ళ వైపు చూసుకుంది. బొటనవేలు. చూపుడువేలు. అంబలి దొప్ప అందుకున్న చెయ్యి కళ్ళ ముందు నిలిచింది.

మగోడివి నీకేటి పని అని పగలు తను ఘాటీ దింపేసింది ఆ యమ్మనే.