స్టేషన్ మాస్టరు దగ్గు

“రైలు ముచ్చట తర్వాత సారూ, ముందుగాల సర్వే నంబరు చెప్పు,” అన్నాడు జగదీశ్వర్.

జనార్దనరావు సంచిని ఒళ్లోకి లాక్కున్నాడు. ఇబ్రహీంపట్నంలో ఆయన తొక్కిన పదకొండో గడప ఇది. తెనాలి నుంచి వచ్చి ఆదిభట్ల దగ్గర ఇల్లు కట్టుకున్న ఈ పెద్దమనిషి, నిజాం కాలంలో ఇక్కడ నడిచి ఆనవాలైనా లేకుండా మాయమైన చిన్న రైలు మీద మూడేళ్లుగా పుస్తకం రాస్తున్నాడు. ఆ రైలును ఎరిగిన మనిషి ఒక్కరంటే ఒక్కరు కావాలి. పది ఇళ్లలోనూ రైలు పేరెత్తగానే పాస్‌బుక్కులు లోపల దాచి వచ్చి, “మా ఊళ్లె రైలేంది? బస్సే టైముకు రాదు,” అన్నారు. తమ పొలంలో ఒకప్పుడు పట్టాలు ఉండేవంటే సర్కారు వచ్చి హద్దురాళ్లు పాతుతుందని వాళ్ల భయం.

“సర్వే నంబర్లతో నాకు పని లేదండి. నేను రచయితను.”

“గంతేనా!” జగదీశ్వర్ ఊపిరి పీల్చుకున్నాడు. “గట్ల ముందే చెప్పరాదూ! ఆఫీసరనుకొని పరేషానైన. చాయ్ తాగుతవా?”

చాయ్ వచ్చేలోగా జనార్దనరావు తన గోడంతా వెళ్లబోసుకున్నాడు. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద ఆయనకు అట్ట లేని నోటుబుక్కు ఒకటి దొరికింది. మొదటి పేజీలు ఎలుకలు తినేశాయి. మిగిలిన పేజీల నిండా ఇబ్రహీంపట్నం స్టేషన్ మాస్టరు తన బాధను తనే చెప్పుకున్నాడు. రైలు రద్దయిన రోజున పచ్చజెండా పట్టుకుని ఖాళీ ప్లాట్‌ఫారం మీద ఒక్కడే నిలబడ్డాడట. పాపం, క్షయ కూడా ఉన్నట్టుంది. ఎక్కడెక్కడ దగ్గు వచ్చిందో ఎర్ర సిరాతో గుర్తు పెట్టుకున్నాడు. ఆ దగ్గుల మీదే జనార్దనరావు ఇరవై రెండు పేజీల అధ్యాయం రాశాడు.

“మరి తిప్పలేంది?”

“శ్రీపాల్ గారండి.”

శ్రీపాల్ రిటైరైన చరిత్ర లెక్చరర్. ఏ మ్యాపులోనూ లేని రైలును నమ్మనన్నాడు. అక్కడితో ఊరుకోకుండా ఊరి గ్రంథాలయంలో నలుగురి ముందూ, “ఆ రైలును ఎరిగిన ఒక్క మనిషిని చూపించండి, ముందుమాట నేనే రాస్తాను. చూపించలేకపోతే పుస్తకం అచ్చు వేయకండి,” అని సవాలు విసిరాడు. జనార్దనరావు రోషం కొద్దీ సరేనన్నాడు. వచ్చే ఆదివారంతో గడువు సరి. మనిషి దొరక్కపోతే మూడేళ్ల కష్టం అటకెక్కుతుంది. ఉద్యోగంలో ముప్ఫై ఏళ్లూ ఎవరూ పట్టించుకోని తనకు ఇప్పుడైనా నాలుగు చప్పట్లు దక్కుతాయనుకున్న ఆశ కూడా దాంతోనే పోతుంది.

జగదీశ్వర్ గడ్డం గోక్కున్నాడు. ఊరవతల అతను కొత్త వెంచర్ వేశాడు. గేటు మీద రాయించడానికి మంచి పేరు ఇంకా తట్టలేదు.

“గా రైలు మా వెంచర్ పక్కపొంటి పోయినట్టు రాస్తవా?”

“పోయి ఉండవచ్చండి,” అనేశాడు జనార్దనరావు. చరిత్ర రాసేవాడి నోట ఆ మాట అంత సులువుగా వచ్చినందుకు ఆయనకే సిగ్గేసింది.

“అమ్మా! జర బయటికి రా!”

నర్సమ్మ వచ్చి అరుగు మీద కూర్చుంది. ఎనభై ఆరేళ్లు వచ్చినా కంఠం ఖంగున మోగుతోంది.

“ఈ సారు మనూరి రైలు ముచ్చట అడుగుతుండు. నీకేమన్న ఎరుకా?” అన్నాడు కొడుకు.

“ఏ రైలు బిడ్డా?”

జనార్దనరావు నోటుబుక్కు తెరిచి చదివాడు. “ఈ రోజుతో ఈ గంటకు పని లేదు...”

నర్సమ్మ ముఖం వెలిగిపోయింది. “అయినా కొడతాను! ఎక్కేవారు లేకున్నా, దిగేవారు లేకున్నా, నా ఊపిరి ఉన్నంతదాకా కొడతాను!” అంది. అని, ఖళ్లు ఖళ్లున దగ్గింది.

జనార్దనరావు వేలు సరిగ్గా ఎర్ర సిరా దగ్గర ఆగింది. అక్షరం పొల్లుపోలేదు, దగ్గుతో సహా. ఆయనకు ఒళ్లు జలదరించింది.

“అమ్మా, ఆ మాస్టరును మీరు చూశారా?”

“చూసుడేంది సారూ! ఆయన నల్లకోటుకు గుండీలు కుట్టిందే నేను.”

జనార్దనరావు వేళ్ల మీద లెక్క వేశాడు. రైలు ఆగిపోయేనాటికి ఈమెకు పదేళ్లుంటాయి. పదేళ్ల పిల్ల గుండీలు కుట్టిపెట్టిందంటే ఊరు ఆ మాస్టరును ఎంతగా కడుపులో పెట్టుకుందో! ‘జనాదరణ’ అని ఇంకో అధ్యాయానికి అక్కడే పేరు రాసుకున్నాడు.

ఆదివారం గ్రంథాలయం కిక్కిరిసింది. ‘హెరిటేజ్ రైల్వే సిటీ’ కరపత్రాలు పంచుతూ జగదీశ్వర్ గుమ్మంలోనే నిలబడ్డాడు. మొన్న పాస్‌బుక్కులు దాచిన పెద్దలంతా ముందు వరసలో కూర్చుని, రైలు కూత తమ పొలందాకా వినబడేదంటే తమ పొలందాకా అని వాదులాడుకుంటున్నారు.

నర్సమ్మ మైకు ముందు నిలబడి మొదటి నుంచి చివరిదాకా గుక్క తిప్పుకోకుండా చెప్పింది. శ్రీపాల్ నోటుబుక్కు చేతిలో పట్టుకుని ఒక్కొక్క వాక్యమే సరిచూసుకున్నాడు. ఆరు చోట్ల ఎర్ర సిరా ఉంది. ఆరు చోట్లా ఆమె దగ్గింది. పచ్చజెండా దించే ఘట్టానికి వచ్చేసరికి ఆడవాళ్లు కొంగులు కళ్లకు అద్దుకున్నారు.

శ్రీపాల్ లేచి నిలబడ్డాడు. “ఇంత సాక్ష్యం నా సర్వీసులో చూడలేదు. నేను ఓడిపోయాను జనార్దనరావు గారూ. ముందుమాట రేపే ఇస్తాను.”

చప్పట్లు మోగాయి. అవి తన కోసమేనని నమ్మడానికి జనార్దనరావుకు కాస్త సమయం పట్టింది. కళ్లు తుడుచుకుని, సభ ముగించే ముందు మైకు మళ్లీ నర్సమ్మ నోటి దగ్గర పెట్టాడు.

“చివరిగా ఒక్క మాటమ్మా. చిన్నప్పుడు మీరు ఆ రైలెక్కి ఎక్కడెక్కడికి వెళ్లేవారో అందరికీ చెప్పండి.”

నర్సమ్మ ఆయన్ని ఎగాదిగా చూసింది.

“రైలేడిది సారూ, గది మా ఇంటాయన రాసి ఆడిన నాటకం గద!”